చేయి మారిన పడవకు చేయి తిరిగిన చోదకుడు

మా అండమాను పట్టణపు మిడిల్ పాయింటు పేటలో కాపురమున్నవారికి సముద్రము పొరుగిల్లు వంటిది. ఏ వాలుదారిన దిగినను కొంతసేపటికి ఉప్పుగాలి ముఖమునకు తగులక మానదు. 2024 సెప్టెంబరులో ఈ పట్టణమునకు శ్రీవిజయపురమను నూతననామము కలిగినను, నా తరమువారి నాలుకమీద ఇది ఇంకను పోర్టుబ్లేరే. శ్రీకాకుళ, విశాఖ తీరములనుండి తరలివచ్చి, వలను నావను నమ్ముకొని జంగ్లీఘాటు పరిసరములలో స్థిరపడిన మన తెలుగు జాలరుల ముచ్చట్లలోను పోర్టుబ్లేరే. ఇట్టి ఊరిలో, ఇంటిముందు కారు నిలుపుకొనినట్లే జెట్టీయొద్ద సొంత వేగపడవను నిలుపుకొనవలెనను కోరిక పుట్టుటలో వింత లేదు. క్రొత్తది కొనలేనివారు మెయిన్‌లాండులో కొన్నేండ్లు నడచినదానిని తక్కువ ధరకు తెప్పించుకొందురు. ఆ కోరికను నేను తప్పుపట్టను. కాని పడవ చేతులు మారిన దినముననే దాని చుక్కాని కూడ కొన్నవాని చేతికి లొంగినదనుకొనుట ప్రాణాంతకమైన భ్రమ. ఆ భ్రమను తొలగించు బాధ్యత కొన్నవానిది మాత్రమే కాదు, అమ్మినవానిది, అధికారులది, మనందరిది కూడ.

గడచిన మాఘమాసమున నా మిత్రుడొకడు, ఒక్కొక్కటి రెండువందల అశ్వశక్తిగల జంట ఔట్‌బోర్డు ఇంజిన్లున్న పాత స్పోర్టు బోటునొకదానిని బేరమాడి, సొమ్ము చెల్లించుటకు ముందు నన్నును, నలుబదియేండ్లు సముద్రముపై గడపిన ఒక వృద్ధ తండేలును వెంటబెట్టుకొని చూడబోయెను. మిత్రుని కన్నులు అద్దమువలె మెరయు ఎఱ్ఱరంగుమీదను, మెత్తని ఆసనములమీదను నిలిచినవి. తండేలు ఆ వైపు చూడనైన చూడలేదు. "ఇంజిను సంగతి అలాగుంచండి బాబూ, ముందు దీని ఒళ్లు సూడాల" అని, స్క్రూడ్రైవరు పిడితో, ఇంజిన్లు బిగించిన వెనుకపలకను జానెడు జానెడు దూరమున తట్టుకొనుచు పోయెను. కొబ్బరికాయల రాశిలో మంచికాయను ఏరువానివలె చెవి యొగ్గి వినుచుండెను. అయిదారుచోట్ల ఖంగుమన్న పలక, ఎడమ ఇంజిను క్రింద మాత్రము బొదబొదమని మొద్దుగా పలికెను. "ఇక్కడ లోపల సెక్క నానిపోనాది బాబూ" అని ఆయన తేల్చెను. పైని ఫైబరు పొర నిగనిగలాడుచుండగనే, ఏ బోల్టు రంధ్రమునుండియో దిగిన నీరు లోపలి చెక్కను కుళ్లజేసినది. నాలుగువందల అశ్వశక్తి త్రోపునకు ఆ పలక నడిసముద్రమున చీలినచో, పడవయు అందలివారును ఏమగుదురో ఊహింపవచ్చును. మిత్రుడు ఆ పడవను కొనలేదు.

ఆనాడు ఆ వృద్ధుడు చూపిన పరీక్షలన్నియు ప్రతి కొనుగోలుదారుడును చేయించుకొనదగినవే. గేరుపెట్టె నూనె మజ్జిగవలె తెల్లబారియుండినచో లోనికి నీరు దిగినదని అర్థము. ప్రతి సిలిండరు ఒత్తిడిని విడివిడిగా కొలిచినప్పుడు, తక్కినవానికంటె ఒకటి మిక్కిలి తగ్గినచో ఆ ఇంజిను పెద్ద మరమ్మతుకు వచ్చినట్లే. ఉప్పునీటిలో తిరిగిన ఇంజినును ప్రతి ప్రయాణానంతరము మంచినీటితో కడుగనిచో, దానిని చల్లార్చు దారులలో ఉప్పు గడ్డకట్టును. ఇంజిను నడచునంతసేపు ప్రక్కనుండి చిమ్మవలసిన నీటిధార సన్నగిల్లినచో అనుమానింపవలెను. తాను కరిగిపోవుచు తక్కిన లోహమును తుప్పునుండి కాపాడుటకై అమర్చిన జింకు ముక్క పూర్తిగా అరిగిపోయి, దాని స్థానమున క్రొత్తది లేకున్నచో, పూర్వపు యజమాని ఆ పడవను ఎట్లు చూచుకొనెనో వేరుగా అడుగనక్కరలేదు. నెలలకొలది కదలక పడియున్న ఇంజినుకంటె, వారము వారము నడపి, కడిగి, వేళకు నూనె మార్చుచు వచ్చిన ఇంజినే మేలు.

రెండు నెలల తరువాత మిత్రుడు మరియొక గట్టి పడవను కొనెను. అసలు విద్య అప్పుడు మొదలయ్యెను. మొదటి వారమంతయు తండేలు అతనిని నడకవేగము మించనీయలేదు. నీటిపై తేలవేసిన ఖాళీ డబ్బావద్దకు గాలికెదురుగా వచ్చి, దానిని తాకక, చేయి చాచిన అందునంత దూరమున పడవను నిలుపవలెను. అదియే పాఠము, అదియే పరీక్ష. నా మిత్రుడు మూడు వారములు ఆ డబ్బాను గ్రుద్దుచునే యుండెను. కారునకు బ్రేకు కలదు, పడవకు లేదు. కారు ముందుచక్రములు చూపిన దారిన పోవును. పడవ వెనుకనుండి తిరుగును గనుక, ముక్కు కుడికి పోవునప్పుడు తోక ఎడమకు విసరును. ఇక్కడివారు డుంగీ యని పిలుచు చిన్న చెక్కపడవ జెట్టీప్రక్క నిలిచియుండినచో దానిని తాకునది ఆ తోకయే. ఇంజినే చుక్కానియైన ఇట్టి పడవలో, భయపడి ఒక్కసారిగా థ్రాటిలు మూసినవానికి వేగముతోపాటు దిశ కూడ చేతినుండి జారిపోవును. అంతేకాక, తాను లేపిన అలయే వెనుకనుండి తరుముకొని వచ్చి పలకమీదుగా లోనికి దూకవచ్చును.

వేగము పెంచునప్పటి ప్రమాదము వేరు. నీటిని చీల్చుకొనుచు పోవు పడవ, నీటిమీదికెక్కి జారుచు పోవు స్థితికి వచ్చులోపల, కొన్ని క్షణములు ముక్కు ఆకాశమునకెత్తి చోదకుని చూపునకు అడ్డు నిలుచును. ముందున్న డుంగీ మరుగుపడునది ఆ క్షణములలోనే. చోదకుని మణికట్టునకో మోకాలికో తగిలించుకొనవలసిన త్రాడొకటి కలదు. అతడు జారిపడినచో అది ఊడి ఇంజినును ఆపును. దానిని తగిలించుకొననివాడు నీటిలో పడినచో, చోదకుడు లేని పడవ గుండ్రముగా తిరిగి అతనిమీదికే రావచ్చును. పడవ సామగ్రిలోకెల్ల చవుకైన ఆ త్రాడును బిగించుకొనుటకు సిగ్గుపడువారిని నేను చూచితిని; వారిని తలచుకొన్నప్పుడెల్ల నాకు భయము కలుగును.

కారు నేర్పిన అలవాట్లలో మరియొకటి మిక్కిలి హానికరము. మన రోడ్లమీద ఎదురుబండి కనబడగనే చేయి దానంతట అదే ఎడమకు పోవును. సముద్రముమీద, 1972 నాటి అంతర్జాతీయ నియమముల ప్రకారము, ఎదురెదురుగా వచ్చు యంత్రనౌకలు రెండును కుడికి తొలగవలెను. కుడిప్రక్కనుండి అడ్డముగా వచ్చు నౌకకు దారి విడువవలెను. ఇరువదియేండ్లు కారు నడపిన చేయి ఎడమకును, నియమమెరిగిన ఎదుటివాడు తన కుడికిని మరలినచో ఇద్దరును ఒకే వైపునకు వత్తురు. గంటకు 40 నాటికల్ మైళ్లు, అనగా 74 కిలోమీటర్లు, పోవు పడవ సెకనుకు 20 మీటర్లు దాటును. ఆలోచించుటకు వ్యవధి లేదు, చేతికే ముందుగా తెలిసియుండవలెను. 2024 డిసెంబరు 18న ముంబాయి తీరసముద్రమున, ఇంజిను పరీక్షలోనున్న నౌకాదళపు వేగపడవ అదుపు తప్పి ప్రయాణికుల పడవను ఢీకొనగా పదిమందికి పైగా మరణించిరి. శిక్షణకు పేరుపడిన దళముచేతనే వేగము అంత నష్టము తెచ్చినప్పుడు, నిన్న సొమ్ము చెల్లించి నేడు చుక్కాని పట్టినవాని మాట చెప్పనేల?

2018 నవంబరులో విజయవాడయొద్ద కృష్ణానదిలో ఫార్ములా వన్ పవర్‌బోటు పోటీలు జరిగినప్పుడు, గంటకు 200 కిలోమీటర్లు దాటు ఆ పడవలను మన తెలుగువారు వేలాదిగా ఒడ్డున నిలిచి చూచి ఆనందించిరి. కాని వాటి చోదకుడు, తలక్రిందులై నీట మునిగిన కాక్‌పిట్టునుండి బయటపడు పరీక్షలో నెగ్గినగాని పోటీలో ప్రవేశింపరాదు. వేగమునకు మూల్యము సాధన. ఆ మాట ఒడ్డునుండి చూచువారికి కనబడదు.

మన ద్వీపముల నీళ్లు ఈ పాఠమును మనకు ఇంతకుముందే నేర్పినవి. 2014 జనవరి 26న పోర్టుబ్లేరు దాపుననే, మితిమీరి జనమునెక్కించుకొన్న విహారపు పడవ మునిగి ఇరువదిమందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. 2006లో, త్రాటికి కట్టిన రాతినే లంగరుగా వేసుకొని నిద్రించిన ఇద్దరు జాలరులు, అది పట్టు వదలగా ప్రవాహమున కొట్టుకొనిపోయి, నిషిద్ధమైన నార్త్ సెంటినల్ దీవికి చేరి హతులైరి. ఒకచోట బరువును, ఒకచోట లంగరును తేలికగా ఎంచుటయే మరణకారణమైనది. అశ్వశక్తిని గూర్చి గంటలకొలది ముచ్చటించు కొనుగోలుదారుడు లంగరు త్రాటి పొడవును గూర్చి ఒక్క ప్రశ్నయైనను అడుగకుండుట నాకు బాధ కలిగించును.

శిక్షణయు పరీక్షయు తప్పనిసరి కావలెనన్నచో, "తండేళ్లు ఏ సర్టిఫికెట్టుతో నడుపుచున్నారు? మాకు మాత్రమెందుకీ నిర్బంధము?" అని అడుగువారు కలరు. తండేలు బాల్యముననే తండ్రి నావలో నీరు తోడుచు, అలల రంగునుబట్టి లోతును, గాలి వాసననుబట్టి వానను గుర్తించుట నేర్చినవాడు. పదేండ్ల శుశ్రూషయే అతని పట్టా. ధనముతో ఒక్క దినమున సముద్రముమీదికి వచ్చినవానికి అట్టి పట్టా లేదు గనుకనే శిక్షణ కావలెను. మరికొందరు, ఇది శ్రీమంతుల వినోదము, వారి పాట్లు వారు పడుదురందురు. వారి పడవ తాకునది శ్రీమంతుని కాదు. తెల్లవారుజామున దీపము లేని డుంగీలో వల లాగుచున్న పేదవానిని. వారి ఇంజిను రెక్కలు చీల్చునది, లోతులేని నీళ్లలో సముద్రపు గడ్డి మేయు డ్యూగాంగును. ఈ ద్వీపముల రాష్ట్రజంతువని మనము గర్వముగా చెప్పుకొను సముద్రపు ఆవును.

కావున నా విన్నపము ఇది. పాత వేగపడవ చేతులు మారునప్పుడు, అమ్మినవానికి సంబంధము లేని పరీక్షకుని పత్రము లేనిదే ఆ బదిలీ చెల్లరాదు. సొంతమునకైనను సరే, ఇంత శక్తిగల పడవను నడుపువానికి నీటిమీద పరీక్ష జరుగవలెను. గోవాలోని జాతీయ జలక్రీడా సంస్థ బోధించు విద్యవంటిది ఇక్కడను, విశాఖలోను, కాకినాడలోను ఏటేటా తెలుగులో సాగవలెను. ఆ తరగతులలో మన వృద్ధ తండేళ్లను వేతనమిచ్చి గురువులుగా కూర్చుండబెట్టవలెను. చట్టము వచ్చువరకు వేచియుండనక్కరలేదు. పడవ కొనదలచిన పాఠకుడు దాని ధరలో పదియవవంతు శిక్షణకును, లైఫ్‌జాకెట్లకును, మంచి లంగరుకును వేరుగా తీసిపెట్టుకొనవలెను. అది మిగులనిచో ఇంకొక చిన్న పడవను చూచుకొనవలెను. నా మిత్రుడు నాలుగవ వారమున డబ్బాను తాకక ఆగెను. ఆ తరువాతనే తండేలు అతనిని రేవు దాటనిచ్చెను.