మా నానీ మజ్దూర్. చెప్పుకోవడానికి షరమెందుకు?

నానీ చాలీస్వాఁ రోజున ఖాన్‌దాన్ అంతా జమయ్యింది. పక్కా నమాజీ, సబర్ ఉన్న మనిషి, బగారా అన్నం ఆమె వండితేనే తినాలి... అందరూ తారీఫ్ చేశారు. నిజమే. కానీ ఆమె నలభై ఏళ్లు నిజామాబాద్ బీడీ కార్ఖానాలో తునికాకు కత్తిరించి, తంబాకు నింపి, దారం చుట్టిందన్న మాట ఒక్కరి నోటా రాలేదు. ఎందుకు భాయ్? ఇజ్జత్ పోతుందా?

ఆమె ట్రంకుపెట్టెలో నికానామా పక్కనే యూనియన్ రసీదులున్నాయి. బాగోలేవని పక్కన పడేసిన బీడీలకు సేఠ్ కూలి కోసినప్పుడు, బురఖాతోనే వెళ్లి గేటు ముందు కూర్చుంది. బీడీ కార్మికులకు 1966లోనే చట్టం వచ్చింది. ఇంట్లో చుట్టే ఆడవాళ్లకూ అందులో హఖ్ ఇచ్చారు. ఆ హఖ్ కాగితం మీంచి చేతికి రావాలంటే ఇలాంటి ఆడవాళ్లే కొట్లాడాల్సి వచ్చింది.

ఆ కూలితోనే మామూజాన్ చదువు, ఖాలాల షాదీలు అయ్యాయి. బీబీ ఖదీజా తిజారత్ గురించి ఫఖర్‌గా చెప్పుకునే మనం, మన నానీల మెహనత్‌ని దాచిపెడతామా?

ఫాతిహా చదవండి, దువా చేయండి. ఆ తర్వాత పెట్టె తెరిచి ఆ రసీదులు పిల్లల చేతిలో పెట్టండి. అదీ ఆమె వదిలివెళ్లిన విరాసతే.