చీకటి వేళ బొమ్మలకు చోటేది?

ఆషాఢంలో పాతబస్తీ బోనాల ఘటాల ఊరేగింపు చార్మినార్ దాటి, మదీనా దాటి నయాపూల్ దగ్గరికి వచ్చేసరికి పొద్దు గూకుతుంది. పైన మబ్బు. కింద నల్లని ఏనుగు, దాని మీద ఘటం. చుట్టూ ఒంటినిండా పసుపు పూసుకున్న పోతరాజులు, వేపమండలు, సాంబ్రాణి పొగ. ఒకవైపు వీధి దీపాలు వెలుగుతుంటాయి, మరోవైపు మూసీ మీద ఆకాశం ఇంకా ఆరిపోలేదు. అఫ్జల్‌గంజ్ వైపు నిలబడి ఆ దృశ్యాన్ని ఫొటో తీయవలసిన వాని కష్టం చూసేవారికి తెలియదు. ఏనుగును బట్టి వెలుతురు కొలిస్తే ఆకాశం తెల్లగా మాడిపోతుంది. ఆకాశాన్ని బట్టి కొలిస్తే ఏనుగూ, ఘటం పట్టుకున్న మనిషీ కలిసి ఒకే నల్లముద్ద అవుతారు. ఫ్లాష్ వేస్తే ముందున్న నాలుగు ముఖాలు సున్నం కొట్టినట్టు వచ్చి, వెనుక ఊరేగింపంతా మాయమవుతుంది.

మరునాడు పేపర్ తెరిచిన పాఠకుడు "ఏముందిందులో, అంతా మసి" అని పక్కన పెట్టడం కద్దు. తప్పంతా ఫొటో తీసినవాని మీదకు తోసేస్తే అన్యాయమే అవుతుంది. మన పండుగలు, జాతరలు జరిగేదే ఆ వేళలో. బతుకమ్మలు చెరువు గట్టుకు చేరేది సాయంత్రం. మేడారంలో సమ్మక్క చిలకలగుట్ట దిగేది గురువారం పొద్దుగూకే వేళ. పీర్ల పండుగనాడు గుండం చుట్టూ ఆడేది రాత్రి. వీటిని పగలు జరపండని ఏ కెమెరా కోసమూ ఎవరినీ అడగలేరు, అడగకూడదు.

బతుకమ్మ సంగతే తీసుకుందాం. ఆడవాళ్లు చుట్టూ తిరుగుతుంటారు గనుక సగంమంది ముఖాలు పడమటి వెలుగులో ఉంటే, సగంమందివి నీడలో ఉంటాయి. తంగేడు పచ్చన, గునుగు తెల్లన. నలుపు తెలుపు ఫిలింలో గునుగు తెల్లమచ్చగా మెరిసి, పట్టుకున్న చెయ్యి కనబడకుండా పోతుంది. ఆరితేరినవారు పొద్దు తమ వీపు వైపు ఉండేలా ముందే పడమటి గట్టు మీద నిలబడి, చేయి కదలకుండా ఏ చెట్టుకో ఆనుకుని, పాట ముగిసి బతుకమ్మను నీళ్లలోకి దించే ముందు ఒక్క క్షణం అందరూ ఆగినప్పుడు మీట నొక్కుతారు. అప్పటికి పది, పదిహేను నిమిషాల్లోనే వెలుతురు నాలుగో వంతుకు పడిపోతుంది. సెకనులో అరవయ్యో వంతుకు అందిన బొమ్మకు పదిహేనో వంతు కావాలి. పదిహేనో వంతులో నడుస్తున్న మనిషి చెరిగిపోతుంది. 2022 జనవరి 31న కన్నుమూసిన వరంగల్ ఛాయాచిత్రకారుడు భరత్ భూషణ్ బతుకమ్మ బొమ్మలను జనం ఇప్పటికీ తలుచుకుంటున్నారు. ఆ వేళను ఆయన ఎన్ని ఏళ్లు కనిపెట్టుకుని ఉన్నాడో ఆ బొమ్మలు చూస్తే తెలుస్తుంది.

మేడారంలో మరో చిక్కుంది. లక్షల కాళ్లు లేపిన దుమ్ములో ఫ్లాష్ వేస్తే ధూళి కణాలే ముందుగా వెలిగి, బొమ్మ నిండా తెల్లచుక్కలు పడతాయి. కుంకుమ భరిణెతో వచ్చే పూజారి ఆ చుక్కల వెనుక ఎక్కడో ఉంటాడు. పోలీసు అధికారి గాలిలోకి కాల్పులు జరిపి గౌరవవందనం చేసేదీ అప్పుడే. జనం తోపులాటలో కెమెరాను తలపైకెత్తి, చూడకుండానే నొక్కవలసి వస్తుంది.

పట్టపగలు మాత్రం సులువనుకోవద్దు. నాట్ల కాలంలో మిట్టమధ్యాహ్నం మడిలో నీళ్లు అద్దంలా మెరుస్తుంటాయి. వంగి నాటేవారి ముఖాలు కొంగు నీడలో ఉంటాయి. కెమెరాలోని మీటరు నీళ్ల మెరుపు చూసి మోసపోతుంది. తన అరచేతిని అదే నీడలో పెట్టి కొలుచుకుని తీసినవానికే ఆ ముఖాలు దక్కుతాయి. ఇలాంటి చిట్కాలు పుస్తకాల్లో చదివి నేర్చినవారు పల్లెల్లో తక్కువ. పాడైన ఫిలిమే వారికి గురువు.

ఇంత కష్టపడి తీసిన ఫిలిం ఏమయ్యేది? 1994లో మహాత్మాగాంధీ బస్‌స్టేషన్ తెరిచే దాకా జిల్లాల బస్సులు అఫ్జల్‌గంజ్ పక్కనే ఉన్న గౌలిగూడ బస్టాండుకు వచ్చేవి. నిజాం రాజ్యంలో 1932లో 27 బస్సులతో మొదలైన రవాణా సంస్థకు నీడనిచ్చిన పెద్ద రేకుల షెడ్డు అది. పల్లె విలేకరి ఫిలిం చుట్టను కవరులో పెట్టి, ఏ సాయంత్రం బస్సు కండక్టరుకో బతిమాలి ఇచ్చేవాడు. రాత్రి బస్టాండులో పత్రికాఫీసు కుర్రాడు ఆ కవరు అందుకునేవాడు. వెలుతురు చాలనప్పుడు 400 స్పీడు ఫిలింను 800 అనుకుని తీసి, "ఎక్కువసేపు కడగండి" అని చీటీ రాసి జతచేయడం పరిపాటి. చీటీ జారిపోతే ఫిలింను అన్నిటితో పాటే కడిగేవారు. పల్చగా, ఉందా లేదా అన్నట్టు వచ్చేది. తీసినవానికి తన బొమ్మ ఎలా వచ్చిందో తెలిసేది మూడో రోజు పేపరు వచ్చినప్పుడే. ఆ షెడ్డు 2018 జూలై 5న కూలిపోయింది. దాని కింద చేతులు మారిన కవర్ల లెక్క ఎక్కడా లేదు.

బాగా వచ్చిన బొమ్మకైనా అచ్చులో గండం తప్పేది కాదు. అప్పటి న్యూస్‌ప్రింట్ కోసం అంగుళానికి 60, 65 వరసల చుక్కల తెరతో బ్లాకు చేసేవారు. సిరా పీల్చే ఆ కాగితం మీద చుక్కలు ఉబ్బి ఒకదానిలో ఒకటి కలిసిపోయేవి. ఎండలో తీసిన మంత్రిగారి బొమ్మ ఎలాగో గట్టెక్కేది. చీకటి వేళ తీసిన బోనం, బతుకమ్మ మాత్రం నల్లమచ్చలయ్యేవి. నీడలో ఉన్న ముఖం నెగెటివ్‌లో ఉన్నా పేజీలో ఉండేది కాదు. అసలు సమస్య ఇక్కడే ఉంది. పాత పత్రికల బైండింగులు భద్రపరిస్తే వార్తలు దక్కుతాయి. కష్టమైన వెలుగులో తీసిన బొమ్మలు దక్కవు. వాటికి నెగెటివ్ ఒక్కటే ఆధారం.

ఆ నెగెటివ్‌లు ఇప్పుడెక్కడ ఉన్నాయి? ఎక్కువభాగం తీసినవారి ఇళ్లలో, అటక మీద, బిస్కెట్ డబ్బాల్లో. 1970, 80 దశకాల్లో పనిచేసినవారు కొందరు పోయారు, మిగిలినవారు వృద్ధులయ్యారు. ఫిలిం వేడికి, చెమ్మకు ఓర్చుకోలేదు. మొదట బూజు పడుతుంది, తరువాత పుల్లటి వాసన వేస్తుంది, ఆపైన ముడుచుకుపోతుంది. ఆ వాసన మొదలైన డబ్బాను మిగతావాటికి దూరంగా పెట్టాలని ఇంట్లోవారికి చెప్పేవారు లేరు. ఇల్లు సర్దినప్పుడు పాత సామాను కొనేవానికి అదీ తూకమే.

భద్రపరిచితే ఏం మిగులుతుందో చూపే ఉదాహరణ ఈ నగరంలోనే ఉంది. ఆరో నిజాం కొలువులో ఛాయాగ్రాహకుడైన రాజా దీన్‌దయాళ్ 1905లో మరణించాడు. ఆయన స్టూడియో గాజు పలకల నెగెటివ్‌లు 2,857 ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం 1989లో తీసుకుంది. నిజాం నగరం ఎలా ఉండేదో పరిశోధకులు చూడగలుగుతున్నారంటే ఆ పలకల పుణ్యం కూడా ఉంది. అది రాజుగారి ఛాయాగ్రాహకుని మాట. జిల్లా పేజీకి బొమ్మకింత అని తీసుకుని పనిచేసినవాని పెట్టెను ఢిల్లీ వచ్చి తీసుకుపోదు.

పక్కనే మరో సాక్ష్యం ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి అఫ్జల్‌గంజ్‌ను ముంచెత్తింది. అఫ్జల్ వంతెన కొట్టుకుపోయింది. సుమారు 15,000 మంది చనిపోయారని అంచనా. ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టెక్కి 150 మంది దాకా బతికారు. ఆ వరద ఫొటోలుగా మనం చూసేవి ఎక్కువగా నీళ్లు తీశాక, తెల్లని పగటి వెలుగులో తీసిన శిథిలాలు. వాన చీకట్లో చెట్టు మీద ఉన్నవారిని తీయడానికి ఆనాటి గాజు పలకకు శక్తి లేదు. ఆ రాత్రి మాటల్లోనే మిగిలింది.

2025 సెప్టెంబరు 26 రాత్రి మూసీ మళ్లీ పొంగి బస్‌స్టేషన్‌లోకి నీళ్లు వచ్చినప్పుడు పరిస్థితి వేరు. ప్రతి చేతిలో ఫోనుంది. చీకటిలోనూ నాలుగైదు బొమ్మలను కలిపి ఒకటి చేసి చూపే యంత్రాంగం ఫోన్లకు వచ్చింది. కానీ వాట్సప్‌లో పంపగానే బొమ్మ కుంచించుకుపోతుంది. ఫోను మారితే, పోతే అసలు బొమ్మా పోతుంది. నీడలోని ముఖాన్ని అప్పుడు బ్లాకు తినేస్తే ఇప్పుడు వాట్సప్ తినేస్తోంది. పైగా రాత్రిని పగలులా చేసే ఆ యంత్రాంగం వల్ల ఏ బొమ్మ ఏ వేళ తీసిందో గుర్తుపట్టడం కష్టమవుతోంది. నయాపూల్ మీద ఘటం మధ్యాహ్నం పన్నెండింటికి వచ్చినట్టు కనబడితే అది ఘటం ఊరేగింపు ఎలా అవుతుంది?

అఫ్జల్‌గంజ్‌లో రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం ఉంది. 1891లో ఆసఫియా గ్రంథాలయంగా పుట్టి, 1936లో మూసీ ఒడ్డున ఈ భవనంలోకి వచ్చింది. పాత పత్రికలు వెతుక్కునేవారు జిల్లాల నుంచి నేటికీ ఇక్కడికే వస్తారు. ఆ పత్రికల్లో మసిబారిన బొమ్మల అసలు నెగెటివ్‌లకు అదే కప్పు కింద ఒక గది ఇవ్వడం ప్రభుత్వానికి మోయలేని భారమేమీ కాదు. చెమ్మలేని చల్లని గది, కాగితపు కవర్లు, ఒక స్కానరు, ఫిలిం తెలిసిన ఇద్దరు మనుషులు చాలు. గది మాత్రం మేడ మీద ఉండాలి. మూసీని నమ్మి కింది అంతస్తులో ఏదీ పెట్టకూడదు.

దానికి ముందు చేయవలసిన పని మరొకటి ఉంది, దానికి ఏ జీవో అక్కరలేదు. వృద్ధ ఛాయాగ్రాహకుల పక్కన కూర్చుని, ప్రతి చుట్టకు ఊరు, పండుగ, సంవత్సరం, వీలైతే మనుషుల పేర్లు రాసుకోవాలి. పేరులేని నెగెటివ్ ఎంత బాగున్నా ఎవరి ఊరిదో తెలియదు. జిల్లా గ్రంథాలయ సంస్థలు, ప్రెస్‌క్లబ్బులు తలుచుకుంటే దసరా లోపల ఒక్కో మండలంలో ఈ పని మొదలుపెట్టవచ్చు. పత్రికల యాజమాన్యాలు కూడా తమ కార్యాలయాల్లో మిగిలిన చుట్టలను, హార్డ్ డిస్కుల్లోని అసలు ఫైళ్లను పారవేసే ముందు ఆ ఊరి విలేకరిని ఒక మాట అడగాలి. బొమ్మల మీద హక్కు తీసినవారిదేనని, వారి పేరు లేకుండా ఎవరూ వాడుకోరాదని గ్రంథాలయం రాతపూర్వకంగా చెప్పనిదే పెట్టెలు బయటికి రావు. ఇంతకాలం తమ పేరు అచ్చులో చూసుకోని వారికి ఆ అనుమానం ఉండటంలో వింతేమీ లేదు.

ఇప్పటికీ జిల్లా బస్సు దిగినవారు గ్రంథాలయానికి నడిచి వెళ్లవచ్చు. డబ్బా చంకన పెట్టుకుని వచ్చే పెద్దాయనకు లోపల రసీదు రాసిచ్చే బల్ల ఒకటి కావాలి.