నకలు అనేస్తే సరిపోదు

స్టీవీ రే వాన్ తొలి ఆల్బమ్ ‘టెక్సాస్ ఫ్లడ్’ (1983) హెండ్రిక్స్‌కు నకలేనని మీ సమీక్షకుడు తేల్చేశారు. అందులోని పది పాటల్లో ఆరు వాన్ కట్టుకున్నవే, ఒకదానిలో మాత్రం మిత్రుడి చేయి ఉంది. ఆల్బమ్‌కు పేరిచ్చిన పాట 1958లో లారీ డేవిస్ పాడింది, హెండ్రిక్స్‌ది కాదు. ‘లెన్నీ’లో హెండ్రిక్స్ నీడ ఉందంటారా, ఒప్పుకుంటాను. కానీ ‘ప్రైడ్ అండ్ జాయ్’ చెవిపెట్టి వినండి: లావు తీగల మీద బేస్ నడక, ఎదురు దెబ్బకు సన్న తీగల చప్పుడు, రెండూ ఒకే గిటార్‌వి. అది అచ్చమైన టెక్సాస్ షఫుల్. పైగా హెండ్రిక్స్‌కు స్టూడియో కూడా ఒక వాయిద్యమే. వాన్, ఆయన బ్యాండ్‌లోని మిగతా ఇద్దరూ మాత్రం జాక్సన్ బ్రౌన్ ఉచితంగా ఇచ్చిన స్టూడియోలో కొద్దిరోజుల్లోనే, కచేరీలో లాగా కలిసి వాయించేశారు. ఆల్బర్ట్ కింగ్ ప్రభావం అని రాసి ఉంటే ఈ ఉత్తరమే ఉండేది కాదు.

— ఓ పాఠకుడు, గుంటూరు