నల్లగొండ నీరు

నీటి మంచిచెడ్డలను నాలుకయే నిర్ణయింపగలదని మనవారి నమ్మిక. ఉప్పునీటిని నోట నుంచుకొనగానే ఉమియుదుము. పప్పు ఉడుకనీయని బావిని ఇల్లాండ్రు విడనాడుదురు. కాని నాలుకకు చిక్కని లవణము నేలలో నొకటి కలదు. అది ఫ్లోరైడు. దాని మూలమున నల్లగొండసీమలో తరములు నడుము వంగి నడచినవి.

వాననీటిలో లవణము లత్యల్పము. ఆ నీరు నేల కింకి రాతిపొరలనడుమ బహుకాలము నిలిచి, అందలి ఖనిజములను కరగించుకొనును. నల్లగొండ ప్రాంతపు గ్రానైటు శిలలలో ఫ్లోరైడుగల ఖనిజము లున్నవి. నీట క్షారగుణము హెచ్చి కాల్షియము తగ్గినకొలది ఈ లవణ మధికముగా కరగును. కావున తేటగా, నోటికి హితముగా నుండి, పప్పు చక్కగా నుడికించు నీరే హానికరము కావచ్చును. కాచినను దోషము పోదు. నీరు ఆవిరియైనకొలది మరింత చిక్కబడును.

భారతీయ ప్రమాణముల ప్రకారము త్రాగునీట లీటరునకు 1 మిల్లిగ్రామువరకు ఫ్లోరైడుండవచ్చును. వేరునీరు దొరకనిచోట 1.5 వరకు సహింపవచ్చును. ఆ మేర దాటిన నీటివలన పసివారి పండ్లపై మచ్చలు పడును. మిక్కిలి హెచ్చైన నీటిని ఏండ్లతరబడి త్రాగినవారి కీళ్లు బిగిసికొనును, వెన్ను వంగును. బిగిసిన ఎముకలను మరల సడలించు మందు లేదు. పాలును, పుష్టికరమైన తిండియు లేని పేదబిడ్డలకు కీడు మరింత ఎక్కువ.

ఇది నిన్న మొన్న తెలిసిన సంగతి కాదు. నాటి మద్రాసు రాజధానిలోని నెల్లూరుజిల్లాయం దీ వ్యాధి కలదని 1937లోనే వైద్యులు ప్రకటించిరి. 1945లో నల్లగొండ సంగతియు వెల్లడియైనది. పటికను, సున్నమును కలిపి నీటిని శుద్ధిచేయు విధానమును నాగపురమందలి నీరి సంస్థవారు రూపొందింపగా, దానికి నల్లగొండ పద్ధతియని పేరు వచ్చినది. ఒక జిల్లాపేరు చికిత్సకు ఖ్యాతినిచ్చెను గాని, ఆ జిల్లావారికి చిరకాలము మంచినీరు కరువయ్యెను. నిత్యము పటికపాలు సరిచూచి, అడుగున దిగిన మడ్డిని తీయు మనుష్యుడు లేనిచోట ఆ పద్ధతి నిలువదు. 2016లో మిషన్ భగీరథ ఆరంభమైన పిమ్మట నదీజలములు గొట్టములద్వారా ఇండ్లకు వచ్చుట మొదలయ్యెను. ఇది శ్లాఘనీయము.

ఐనను గొట్టము వచ్చినంతమాత్రమున పోరు ముగియలేదు. బోరుబావి ఇంకను ముంగిటనే యున్నది. నాలుగుదినములు కుళాయి యెండినచో దాహము ప్రమాణములను లెక్కింపదు. కావున ప్రతి పంచాయతీవారు తమయూరి ప్రతి బావిని, ప్రతి బోరును వేసవియందొకమారు, వానల పిమ్మట నొకమారు పరీక్షింపించి, అంకెలను ఆ బావిచెంతనే యెల్లరు చదువునట్లు వ్రాయింపవలెను. హానికరమైనదానిపై త్రాగరాదని ఎఱ్ఱగుర్తు వేయవలెను. పూడిన చెరువులను త్రవ్వించి వాననీటిని నిలుపుట, బడిబిడ్డల పండ్లను ఏటేట వైద్యులచే చూపించుట కూడ వారి విధియే.

శిలలలోని లవణమును మనము మార్పజాలము. కాని తెలిసియు బిడ్డకు ఆ నీటిని త్రాగనిచ్చుట శిలాదోషము కాదు, పాలకుల దోషము. వారిని అడుగక ఊరకుండిన మనదియు. మీయూరి నీటిలో ఏమున్నదో నేడే అడుగుడు.