శునఃశేపుని ఏ గోత్రమున చేర్చెదరు?

అనాథాశ్రమములోని పసిబిడ్డను విదేశీయ దంపతులు దత్తత గైకొన్నారన్న వార్త వచ్చినప్పుడెల్ల మన ఆస్తికసమాజమున ఒక ఆక్రోశము బయలుదేరును. మన బిడ్డ పరదేశము పాలాయెను, మన భాషాసంస్కారములకు దూరమాయెను అని. అట్లు ఆక్రోశించిన వారినే, "అయ్యా, మీ ఇంట సంతానము లేదు గదా, ఆ బిడ్డను మీరే తెచ్చుకొనరాదా?" అని అడిగిచూడుడు. "కులగోత్రములు తెలియని శిశువును ఇంట నెట్లు చేర్చుకొందుము?" అని ప్రత్యుత్తరము వచ్చును. ఈ రెండు మాటలును ఒకే నోట రాదగినవి కావు. మనము కాదన్న బిడ్డను మరియొకడు ఔనన్నచో, దోషము ఔనన్నవానిదా, కాదన్నవానిదా?

ఈ నిరాకరణము శాస్త్రము పేరిట జరుగుచున్నది గనుక శాస్త్రము నందే విచారింతము.

ఐతరేయబ్రాహ్మణములోని శునఃశేపోపాఖ్యానము వేదాధ్యయనపరులకు సుపరిచితము. ఆకలితో అలమటించు అజీగర్తుడు తన ముగ్గురు కుమారులలో పెద్దవానిని తాను పట్టుకొనెను, చిన్నవానిని తల్లి పట్టుకొనెను. ఎవరును పట్టుకొనని నడిమివాడు శునఃశేపుడు నూరు గోవులకు అమ్ముడుపోయెను. యూపమునకు కట్టుటకు మరి నూరు, వధించుటకు మరి నూరు గోవులను ఆ తండ్రియే అడిగెను. దేవతలను స్తుతించి బంధవిముక్తుడైన పిదప ఆ బాలుడు విశ్వామిత్రుని అంకమున కూర్చుండెను. తండ్రి వచ్చి తిరిగి ఇమ్మన్నను విశ్వామిత్రుడు ఈయలేదు. దేవతలు ఇచ్చినవాడు గనుక దేవరాతుడని పేరిడి, తన నూటొక్కమంది కుమారులకు జ్యేష్ఠునిగా నిలిపెను. ఆంగిరసుడుగా పుట్టినవాడు వైశ్వామిత్రుడాయెను.

గోత్రము జన్మచేతనే వచ్చును, దానముచేత రాదు అనువారు ఇచ్చట సమాధానము చెప్పవలెను. కౌశికులలో వైశ్వామిత్ర, దైవరాత, ఔదల ప్రవర గలవారు నిత్యము అభివాదనమున ఉచ్చరించు ఆ దైవరాతుడు ఎవ్వడు? తల్లిదండ్రులు వదలివేసిన బాలుడు, పరగోత్రమున పుట్టి దత్తుడైన బాలుడు. ఋషిప్రవరలోనే దత్తుడు కూర్చుండియుండగా మన ఇంటి సంకల్పములో అతనికి చోటు లేదనుట ఏ శాస్త్రము?

కథ అంతటితో ముగియలేదు. విశ్వామిత్రుని కుమారులలో మధుచ్ఛందసుని కంటె పెద్దవారైన ఏబదిమంది ఆ బాలుని అన్నగా అంగీకరింపలేదు. తండ్రి వారిని శపించెను. వారి సంతతియే ఆంధ్రులు, పుండ్రులు, శబరులు, పుళిందులు, మూతిబులు అని బ్రాహ్మణము చెప్పుచున్నది. ఆంధ్రశబ్దము వైదికవాఙ్మయమున మొట్టమొదట వినబడునది ఇచ్చటనే. చరిత్రకారులు దీనికి ఏ అర్థము చెప్పినను చెప్పనిండు. ఆంధ్రులమైన మనకు ఇందులో ఒక హెచ్చరిక కలదు. దత్తుని కాదన్నవారి సంతతిగా మన పేరు వేదమున చేరినది. ఆ పేరును నేటికిని సార్థకము చేసికొనుట మనకు గౌరవమా?

ఇక స్మృతులు. మనువు ద్వాదశవిధపుత్రులను చెప్పుచు, తల్లిదండ్రులచే పరిత్యక్తుడై ఇతరునిచే గ్రహింపబడినవానిని అపవిద్ధుడనెను. వానిని దాయాదులును బంధువులును అయిన మొదటి ఆరుగురిలో, ఔరసుని పంక్తిలో కూర్చుండబెట్టెను. వెలయిచ్చి కొన్న క్రీతుని మాత్రము దాయార్హత లేని రెండవ ఆరుగురిలో చేర్చెను. అనగా దొరకిన బిడ్డ మనువు దృష్టిలో వారసుడు. కొన్న బిడ్డ కాడు. దత్తుడు సదృశుడై యుండవలెనన్న నియమమును చూపి కులమును అడుగువారు మేధాతిథి భాష్యమును కూడ చూడవలెను. ఆ సాదృశ్యము జాతిచేత కాదు, గుణములచేత అని ఆయన స్పష్టముగా చెప్పెను. కుల్లూకుడు వేరుగా చెప్పిన మాట నిజమే. కాని ఇద్దరు వ్యాఖ్యాతలు విభేదించినచోట శిశువును వీథిలో ఉంచు పక్షమునే గ్రహించుట పాండిత్యము కాదు, కాఠిన్యము.

ఆడపిల్ల గనుక దత్తత చెల్లదను మాటయు వినబడుచున్నది. దత్తకమీమాంసాకర్త నందపండితుడు పుత్రికాదత్తతను సమర్థించుచు శాంతను, పృథను ఉదాహరించెను. దశరథుని కుమార్తె శాంత అంగరాజైన రోమపాదునకు దత్తపుత్రిక. అనావృష్టిపీడితమైన ఆ అంగదేశమునకు ఋశ్యశృంగుని రాకతో వర్షము వచ్చెను. ఆ మహర్షి పరిణయమాడినది ఆ దత్తపుత్రికనే. వానకై ఆకసము చూచు మన అనంతపురమువారికి ఈ కథ మరి యెక్కువ చెప్పవలెనా? లౌకికశాసనమును చూచినను, 1956 నాటి హిందూ దత్తత, పోషణ చట్టము బాలికల దత్తతను అంగీకరించినది. తల్లిదండ్రులెవరో తెలియకున్నను హిందువుగా పెంచబడిన శిశువు హిందువే యని 1962 నాటి సవరణ చెప్పినది.

విదేశప్రయాణమును గూర్చిన ఆక్షేపమున నిజాయితీ ఎంత? బోధాయనుడు సముద్రయానమును దోషములలో చెప్పెను, నిజమే. కాని కాలిఫోర్నియాలోని కుమారునకు వీసా రావలెనని అర్చన చేయించువారు ఆ సూత్రమును అనాథశిశువు పట్లనే స్మరించుట వింత. చట్టము కూడ బిడ్డను ఊరకే ఓడ ఎక్కించుట లేదు. 1984లో లక్ష్మీకాంత్ పాండే వ్యాజ్యమున జస్టిస్ భగవతి తీర్పు స్వదేశీయ దంపతులకే ప్రథమస్థానమిచ్చినది. 2015 నాటి బాలన్యాయ చట్టము ప్రకారము, దత్తతకు యోగ్యుడని ప్రకటింపబడిన శిశువును అరువది దినములలో భారతీయులుగాని ప్రవాసభారతీయులుగాని గైకొననిచో, అప్పుడే విదేశీయులకు అవకాశము. ఆ అరువది దినములును మనవి. అంగవైకల్యము గల బిడ్డను, కొంచెము పెద్దదైన బిడ్డను చూచి మనము ముఖము త్రిప్పుకొనుచున్నాము. అరువదియొకటవ దినమున సంస్కృతిని స్మరించి ఏడ్చిన ప్రయోజనమేమి?

అయితే విదేశదత్తతలో అధర్మమే లేదా? కలదు. అది దేశము మారుటలో లేదు, వెల కట్టుటలో కలదు. 1999లోను, 2001లోను హైదరాబాదులోని దత్తతసంస్థలపై పోలీసులు చేసిన దాడులలో బయటపడినదేమి? తెలంగాణ తండాలలోని పేద లంబాడీ తల్లుల నుండి ఆడశిశువులను మధ్యవర్తులు స్వల్పమొత్తములకు సేకరించి, అనాథలని పత్రములు సృష్టించి విదేశములకు పంపుచుండిరి. తత్ఫలితముగా 2001లో రాష్ట్రప్రభుత్వము తల్లిదండ్రులు బిడ్డను దత్తతకై వదలుకొను పద్ధతినే నిషేధించవలసి వచ్చినది. 1998లో మన రాష్ట్రము నుండి ఇద్దరు అక్కాచెల్లెండ్రను దత్తత గొన్న అమెరికా న్యాయశాస్త్రాచార్యుడొకడు, ఆ తల్లి వారిని దత్తతకు ఈయనేలేదని పిదప గ్రహించి, నల్లధనమును తెల్లధనము చేసినట్లు అపహృతశిశువును అనాథగా మార్చు ఈ వ్యాపారమును గూర్చి పరిశోధనవ్యాసములు వ్రాసెను. అజీగర్తుని నూరు గోవులు ఇచ్చట డాలర్లైనవి, అంతియే. అజీగర్తుని నిందించుట సులభము; అతనిని ఆకలి నిందితుని చేసినది. ఆకలిని వెతకి బేరమాడిన వానిని ఏమనవలెను?

ఆకలి యనగా మన సీమవారికి ఉపమానము కాదు. ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన, అదియు అదను తప్పిన వాన. వేరుసెనగ ఎండిన ఏట బెంగుళూరునకు, కేరళమునకు వలసలు. అట్టి యింట మూడవ ఆడపిల్ల పుట్టినప్పుడు బేరగాడు వచ్చును. అతనికంటె ముందు మనము పోవుచున్నామా? స్పెయిను దేశీయుడైన విన్సెంట్ ఫెర్రరు మొదట క్రైస్తవ మతాచార్యుడు. మతము వేరు, దేశము వేరు. 1969లో అనంతపురమున ఆర్.డి.టి.ని స్థాపించి, స్పెయిను కుటుంబముల చేత ఈ పల్లెల బిడ్డలకు పోషకత్వము చేయించెను. ఆ బిడ్డలు తల్లి ఒడిని వీడలేదు, ఊరిని వీడలేదు. ఆయన 2009లో ఈ నేలమీదనే దేహము చాలించెను. విదేశీయుని దయ బిడ్డను సముద్రము దాటింపకయే పని చేయగలదని మన కన్నుల యెదుటనే ఋజువైనది. మన దేవాలయముల హుండీలు ఆ పని ఏల చేయరాదు?

కావున ధర్మక్రమము ఇది. మొదట, బిడ్డ తల్లి యొద్దనే నిలుచునట్లు ఆ తల్లిని నిలుపుట. అది అసాధ్యమైనచో మన ఇండ్ల తలుపులు తెరచుట. మనము తెరవనిచో, వెల లేక, చట్టబద్ధముగా, ప్రేమతో చేతులు చాచిన దంపతులు ఏ దేశమువారైనను వారిని ఆశీర్వదించుట. అమ్మకమును మాత్రము ఏ దశయందును సహింపకుండుట. దూరదేశమున పెరుగు బిడ్డ భాషను, బంధువులను కోల్పోవుననుట సత్యమే. ఆ నష్టమును నేను చిన్నది చేయను. అందుచేతనే ఆ బిడ్డకు జన్మవృత్తాంతమును దాచరాదు. రాధ ప్రేమలో లోపమేమియు లేదు. కర్ణుని దహించినది దాచబడిన సత్యము. కాని ఒడియే లేకపోవుట అన్నిటికంటె పెద్ద నష్టము.

అర్చకసోదరులకు ఒక విన్నపము. దత్తశిశువుతో దంపతులు ఆలయమునకు వచ్చినప్పుడు సంకల్పమున పెంచిన తండ్రి గోత్రమును చెప్పుడు. పుట్టుకను గూర్చి ప్రశ్నింపకుడు. ఇరువది యేండ్లకు పైగా నేను చెప్పుచున్నది అదే. సంతానకాములు శునఃశేపోపాఖ్యానమును చెప్పించుకొనవలెనని బ్రాహ్మణమే విధించినది. సంతానము కోరువారికి వేదము వినిపించు కథ దత్తుని కథ యగుట యాదృచ్ఛికము కాదు. ఆ కథను వినిపించి దక్షిణ గైకొనుచు, గుడి మెట్లపై దొరకిన బిడ్డకు గోత్రము లేదనువాడు వేదమును పలికినవాడే గాని విన్నవాడు కాడు.

విశ్వామిత్రుని ఇంట రెండు పక్షములు ఉండెను. మధుచ్ఛందసునితో కూడిన ఏబదిమంది తమ్ముని అన్నగా అంగీకరించి ఆశీస్సు పొందిరి. మిగిలిన ఏబదిమంది పొందినదేమో పైన చెప్పితిని. ఏ పక్షమున నిలుతురో ఆస్తికమహాశయులే నిర్ణయించుకొందురు గాక.

స్వస్తి.