తాయెత్తు సాక్ష్యము

అద్దము ముందు నిలిచి కుంకుమ దిద్దుకొను ఇరువదియేడేండ్ల ఇల్లాలికి ఒక ఉదయమున, ఎడమకంటికి ఎప్పటివలె ఎర్రగా తోచిన కుంకుమ కుడికంటికి మాత్రము నీళ్లు కలిపినట్లు వెలవెలబోయి కనిపించినదనుకొందము. కనుగ్రుడ్డు త్రిప్పిన నొప్పి. మూడునాళ్లలో ఆ కంటికి మంచుతెర. ‘దిష్టి తగిలిందే తల్లీ’ అని అత్తగారు ఉప్పు, ఎండుమిరపకాయలు దిగదుడిచి పొయ్యిలో వేయును; అప్పటికిని తగ్గకున్న, మంత్రించిన రాగితాయెత్తు నొకదానిని తెప్పించి దండచేతికి కట్టును. ఆరువారములు గడచునప్పటికి చూపు చాలవరకు తిరిగివచ్చును. ఇక తాయెత్తు మహిమను శంకింపగలవాడెవడు?

శంకించుటకు తగిన కారణము ఆ వ్యాధి స్వభావముననే కలదు. 1868లో పారిస్ నగరపు సాల్‌పెత్రియేర్ ఆసుపత్రిలో షార్కో అను వైద్యుడు సవిస్తరముగా వర్ణించిన ఈ మల్టిపుల్ స్క్లెరోసిస్‌లో, దేహమును కాపాడవలసిన రక్షకకణములే పొరబడి, మెదడులోను వెన్నుపాములోను నరముల తంతువులకు చుట్టుకొనియున్న మైలిన్ అను కొవ్వుతొడుగును కొరుకును. తొడుగు చెడినచోట మచ్చ పడి, సంకేతము తడబడి, కన్ను మసకబారును, కాలు మొద్దుబారును, మెడ వంచినచో వెన్నువెంట విద్యుత్తు పాకినట్లగును. నూటికి సుమారు 85 మందిలో ఇది మొదట తిరగబెట్టుచు, నెమ్మదించుచు నడచును. వాపు తీసినకొలది, తొడుగు కొంత మరల అల్లుకొన్నకొలది, తాయెత్తు కట్టినను కట్టకున్నను చూపు మరలును. మనుష్యుడు మ్రొక్కుకొనునది బాధ పరాకాష్ఠ నందుకొన్న వేళ; ఆ పిదప మిగిలినది దిగుడే కనుక, అప్పటికి చెంతనున్న పసరో, ప్రదక్షిణమో, పథ్యమో ఆ యశమును కాజేయును. తెగిన వ్రేలు మొలచుటకై ఎవడును మ్రొక్కుకొనడు. తనంత తాను నెమ్మదించు వ్యాధి మాత్రము ప్రతి మాంత్రికునకును యోగ్యతాపత్రము వ్రాసి యిచ్చును. మండుటెండలో పొర్లుదండములు పెట్టించినప్పుడు చూపు మరల మసకబారినచో దేవత అలిగినదందురు. ఒళ్లు వేడెక్కినచో పాత మచ్చ తాత్కాలికముగా తలయెత్తును, చల్లబడిన సర్దుకొనును; శ్రమించినప్పుడు చూపు ఇట్లు మసకబారుటను ఊట్‌హాఫ్ అను వైద్యుడు 1890లోనే గుర్తించెను.

దీనికంటె క్రూరమైనది పురిటింటి తీర్పు. ఐరోపాలోని 12 దేశములలో 254 మంది స్త్రీలను గర్భకాలమునుండి వెంబడించి చూచి 1998లో ప్రకటించిన పరిశీలనము ప్రకారము, అంతకుముందు ఏడాదికి తలకు 0.7గా నుండిన తిరగబెట్టు రేటు గర్భము చివరి మూడు మాసములలో 0.2కు దిగి, ప్రసవానంతరము మొదటి మూడు మాసములలో 1.2కు ఎగసినది. మన యిండ్లలో ఈ లెక్కకు వేరొక భాష్యము గలదు: సీమంతమునాటి నెమ్మది అమ్మవారి చలువ, పుట్టింట పురుటిమంచముపై కాలు పడిపోవుట బాలింత గాలి, లేదా, చెప్పుటకు నోరు రానిది, ‘పిల్ల పుట్టిన వేళ మంచిది కాదు’. కన్నులైనను సరిగా తెరువని పసికందు తల్లి వెన్నుపాములోని మచ్చకు ముద్దాయి యగుచున్నది. ఈ నేరారోపణను విన్నప్పుడు తాయెత్తు నాకు నిరపాయమైన వస్తువుగా కనబడును.

చదువురానివారి మౌఢ్యమని నవ్వుకొనువారు 2009 తరువాతి కథను తెలిసికొనవలెను. మెడసిరలు ఇరుకగుటయే వ్యాధికి మూలమని ఇటలీ వైద్యుడు పావొలో జాంబోని ప్రకటింపగానే, చదువుకొన్న కెనడావాసులెందరో విమానములెక్కి, భారతదేశమునకుకూడ వచ్చి, సిరలలో బుడగ ఊదించుకొని పోయిరి. లేచి నడచితిమని సాక్ష్యములిచ్చిరి. నిజముగా సిర వెడల్పు చేసినవారిని, చేసినట్లు నటించి పంపినవారిని పోల్చి చూడగా భేదము లేదని తేలినది. 2017లో ఆ మాట వెల్లడించిన ఒక పరీక్షకు నాయకుడు జాంబోనియే. మాంత్రికునకును ఆయనకును గల అంతరము ఈ యొక్కటే. అది చిన్నది కాదు.

ఈ కొలబద్ద వైద్యునికిని తప్పదు. మిథైల్ ప్రెడ్నిసొలోన్ అను మందును సిరలోని కెక్కించినచో చూపు త్వరగా మరలునే గాని, ఏడాది తిరిగి చూచిన, ఎక్కించనివారి చూపునకును దానికిని చెప్పదగిన భేదముండదు. 372 మందితో జరిగి 1993లో వెలువడిన ఇంటర్‌ఫెరాన్ బీటా పరీక్షలో, ఉత్తుత్తి సూదిమందు పొందినవారికి ఏడాదికి 1.27 మార్లు తిరగబెట్టగా, ఎక్కువ మోతాదు మందు పొందినవారికి 0.84 మార్లు తిరగబెట్టినది. ఇది నివారణము కాదు, తగ్గింపు మాత్రమే. ఐనను ఉత్తుత్తి తాయెత్తుతో పోల్చిచూపుమని మాంత్రికుని అడిగినవారిని నేను ఎరుగను. నేటి మందులలో ఇంతకంటె బలమైనవి గలవు. కాని వాటిని నెమ్మదిగానున్న దినములలోను విడువక వాడవలెను. ‘తగ్గిపోయిందిగా, ఇంకా మందెందుకు?’ అను ప్రశ్న పుట్టునదియు ఆ దినములలోనే.

ఎమ్మారై గది గుమ్మమువద్ద లోహమేదియు ఉండరాదందురు. గాజులు, మట్టెలు, నల్లపూసలతోపాటు తాయెత్తునుకూడ విప్పి అత్తగారి దోసిట పోసి కోడలు లోనికేగును. తరువాత తెరపై, ఏ బాధయు లేని ఆ నెలలలో, తాయెత్తు చేతనుండగనే పుట్టిన మచ్చయొకటి తెల్లగా మెరయును. వైద్యుడు దానిని చూపి చెప్పుచుండగా అత్తగారు తలయూపుచునే, కోడలి చేయి దగ్గరకు తీసికొని, దారము ముడిని మరల బిగించును.