మైక్రోవేవ్ ఓవెన్ శుభ్రం చేసేటప్పుడు...

ఎల్బీ నగర్‌లో కాపురముంటున్న ఓ గృహిణి ఈమధ్య బుగ్గంతా బొబ్బలెక్కి మా ఓపీకి వచ్చారు. పైన తెల్లగా టూత్‌పేస్టు పూత! "స్టవ్వు పేలిందా అమ్మా?" అన్నాను. "లేదండీ, ఓవెన్ కడుగుదామని..." అన్నారావిడ.

గాజు గిన్నెలో నీళ్లు పోసి ఓవెన్‌లో కాచి, ఆ ఆవిరితో మరకలు తుడుద్దామనుకున్నారు. ఉపాయం మంచిదే. నిమ్మకాయలు లేవని వట్టి నీళ్లే పెట్టారు. బయటికి తీస్తే నీళ్లు నిశ్చలంగా ఉన్నాయి. ఇంకా కాగలేదనుకుని, వంగి చూస్తూ సబ్బుపొడి వేశారు. అంతే, నీళ్లు ఒక్కసారిగా ముఖం మీదికి ఎగజిమ్మాయి!

ఇదేం వింత కాదు. నున్నటి గిన్నెలో బుడగ పుట్టడానికి ఆధారం దొరకదు. అంచేత నీళ్లు 100 డిగ్రీలు దాటినా మరగనట్లే కనిపిస్తాయి. చెంచాగానీ, పొడిగానీ తగిలితే చాలు, పొంగిపోతాయి. కాఫీకి నీళ్లు కాచుకునేవారూ ఇది గుర్తుంచుకోవాలి.

కనుక నీళ్లలో నిమ్మచెక్కలు వేసి, ఒక చెక్క గరిటె ఉంచి, మూడు నిమిషాలు మాత్రమే కాచండి. ఆపాక ఐదు నిమిషాలు తలుపు తెరవకండి. ఆ ఆవిరికే ఎండిన సాంబారు మరకలు నానుతాయి. తరువాత ప్లగ్గు తీసి, తడిగుడ్డతో తుడిస్తే సరి. ఇనుప పీచు వద్దు. తెగి లోపల మిగిలిన పోగులు నిప్పురవ్వలు రేపుతాయి. బాత్‌రూం ఆసిడ్ అసలే వద్దు. పక్క గోడకుండే మైకా రేకు మీద జిడ్డు పేరుకున్నా మాడి రవ్వలు లేస్తాయి. దాన్ని పీకకుండా మెల్లగా తుడవండి. తలుపు అంచుల్లో మెతుకులు ఇరుక్కుని సరిగా మూతపడకపోయినా, తలుపు వంగినా వాడకండి.

దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో ఉండే పిల్లలూ, పదిమందికీ కలిపి ఒకటే ఓవెన్ ఉంటే అది ఎవరిదీ కాదు కదా! కూర ఒలికించినవారే అప్పటికప్పుడు తుడవండి. స్టీలు టిఫిన్ డబ్బా లోపల పెట్టకండి.

క్యాన్సర్ వస్తుందేమోనని కొందరి భయం. ఇవి ఎక్స్‌రేల వంటివి కావు, రేడియో తరంగాల జాతివి. స్విచ్ ఆపితే ఆగిపోతాయి, తిండిలో మిగలవు. నా భయమల్లా వెనుక కవరు విప్పేవారి గురించే. ప్లగ్గు తీసేసినా లోపలి కెపాసిటర్‌లో ప్రాణం తీసేంత కరెంటు నిలిచి ఉండవచ్చు. ఫ్యాన్లు బాగుచేసే కుర్రాడితో విప్పించకండి సుమా!

ఒకవేళ కాలితే టూత్‌పేస్టు, సిరా, ఐసు ఏదీ వద్దు. కుళాయి నీటి ధార కింద ఇరవై నిమిషాలు ఉంచండి. చేయి కాలితే వాపు రాకముందే గాజులు, ఉంగరాలు తీసేయండి. బొబ్బలు చిదపకండి. ముఖం కాలినా, పసిపిల్లలకు కాలినా 108కి ఫోను చేసి వెంటనే ఆసుపత్రికి రండి. ఆ టూత్‌పేస్టు కడగడానికే మా నర్సమ్మకు చాలాసేపు పట్టింది. పాపం, ఆవిడ ఏడుస్తూనే ఉన్నారు.